వచ్చిపోయేవాళ్ల లెక్క, వచ్చే డబ్బు లెక్క



రేడియోలో మాట్లాడేవాళ్లకు ఒక సుఖం ఉంది. ఈ పదిహేను నిమిషాల్లో ఎవరు చివరిదాకా వింటారో, ఎవరు మధ్యలో కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతారో మాకు తెలియదు. వారం పది రోజుల తర్వాత స్టేషనుకు నాలుగు ఉత్తరాలు వస్తే అదే మా లెక్క. ఇంటర్నెట్టులో రాసేవాళ్లకు ఈ సుఖం లేదు. పేజీ పెట్టిన కాసేపటికే ఎంతమంది తెరిచారు, ఏ ఊరి నుంచి తెరిచారు, ఫోన్లో చూశారా కంప్యూటర్లో చూశారా, ఎన్ని సెకన్లు నిలబడ్డారు, అన్నీ కళ్లముందుకు వచ్చేస్తాయి. వచ్చేసినట్టు అనిపిస్తాయి, అనాలి. కొత్తగా సైటు పెట్టుకున్నవాళ్లు ఆ అంకెలను ఎలా చదువుకోవాలో ఇవాళ మాట్లాడుకుందాం.

మాట గాల్లో తేలిపోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. రిటైరైన ఒక టీచరుగారు ఉన్నారనుకోండి. తెలుగులో పండగలు, వ్రతకథలు, నైవేద్యాలు, ముగ్గులు, వీటి మీద సొంత సైటు పెట్టారు. పిల్లలు డొమైన్ కొనిపెట్టారు, హోస్టింగ్ తీసిపెట్టారు. ఆవిడ వారానికి రెండు పేజీలు రాస్తారు. పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఫోను తీసి నిన్న ఎంతమంది వచ్చారో చూసుకుంటారు. నలభై ఉంటే ఆ రోజు కాఫీ బావుంటుంది, పదిహేను ఉంటే చేదు. ఇలాంటివాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు.

మొదట ఆ నలభై అంటే ఏమిటో చూద్దాం. వెబ్‌సైట్లు వచ్చిన తొలి రోజుల్లో అందరూ హిట్ల గురించి గొప్పలు చెప్పుకునేవారు. మా సైటుకు లక్ష హిట్లు, రెండు లక్షల హిట్లు అని. సర్వర్ నుంచి ఏ ఫైలు కదిలినా అది ఒక హిట్టు. పేజీలో పది ఫొటోలుంటే ఆ పేజీని ఒక్కరు ఒక్కసారి తెరిచినా పదకొండు హిట్లు పడతాయి. లెక్క పెరగాలంటే ఫొటోలు పెంచితే చాలన్నమాట. 2005లో గూగుల్, సైటుకు వచ్చిపోయేవాళ్లను లెక్కపెట్టే తన అనలిటిక్స్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక, చిన్న సైట్లవాళ్లకు కూడా పేజీ వ్యూలు, యూజర్లు అనే లెక్కలు చేతికొచ్చాయి. హిట్ల కంటే ఇవి నయం. అయినా ఇందులోనూ తిరకాసు ఉంది.

యూజర్ అంటే మనిషి కాదు. మామూలుగా ఒక ఫోనులోని ఒక బ్రౌజర్. టీచరుగారి అబ్బాయి ఆఫీసులో కంప్యూటర్లో ఒకసారి, ఇంట్లో ఫోన్లో ఒకసారి చూస్తే ఇద్దరు యూజర్లు. ఇక వినాయక చవితి పొద్దున ఒక ఇంట్లో పీట ముందు కోడలు ఫోను పట్టుకుని కథ చదువుతుంటుంది. చేతిలో అక్షింతలతో అత్తగారు, మామగారు, పిల్లలు, పక్కింటివాళ్లు కూర్చుని వింటుంటారు. ఎనిమిది మంది విన్నారు. అనలిటిక్స్ ఒక్కరే వచ్చారంటుంది. అదే పేజీని ఎవరో పొరపాటున తెరిచి వెంటనే మూసేసినా, అదీ ఒక వ్యూ అంటుంది. ఈ తేడా కొంతైనా పట్టుకోవడానికి ఇప్పటి అనలిటిక్స్ ఒక గీత గీసింది. పది సెకన్లు దాటి ఉన్నా, రెండో పేజీకి వెళ్లినా, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఏదైనా చేసినా, ఆ రాకను శ్రద్ధగా చూసిన రాకగా లెక్కిస్తుంది. పది సెకన్లలో వ్రతకథ ఏం చదువుతారు, అని మీరు అడగొచ్చు. చదవలేరు. అందుకే ఆ అంకెను చూసి మరీ సంబరపడొద్దంటాను. కానీ అది నెలనెలా పెరుగుతోందా తరుగుతోందా అన్నది మాత్రం పనికొచ్చే సంగతే.

కొత్త సైటుకు నేను అంతకంటే ఎక్కువ విలువ ఇచ్చే లెక్క ఇంకొకటి ఉంది. దాన్ని సెర్చ్ కన్సోల్ అంటారు. ఇదీ గూగుల్‌దే, ఇదీ ఉచితమే. గూగుల్లో వెతికినవాళ్లకు మన పేజీ ఎన్నిసార్లు కనిపించింది, కనిపించినప్పుడు ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, ఈ మూడూ చెబుతుంది. బజారులో మన కొట్టు బోర్డు ఎంతమంది కంట పడింది, అందులో ఎంతమంది లోపలికి అడుగు పెట్టారు అన్నట్టు. తొలి నెలల్లో లోపలికి వచ్చేవాళ్లు దాదాపు ఉండరు. అప్పుడు చూడాల్సింది బోర్డు లెక్కే. కనిపించడం వందల్లోంచి వేలకు వెళుతుంటే, నొక్కినవాళ్లు ఇద్దరే ఉన్నా ఆ సైటు బతుకుతోందని అర్థం. యాభయ్యో స్థానంలో ఉన్న పేజీని ఎవరూ నొక్కరు. అది ఇరవయ్యో స్థానానికి వచ్చినా ఎవరూ నొక్కరు. మొదటి పదిలోకి అడుగుపెట్టాకే మనుషులు రావడం మొదలవుతుంది. అక్కడిదాకా జరిగిన ప్రయాణం అనలిటిక్స్‌లో ఎక్కడా కనిపించదు. టీచరుగారికి పదిహేను మంది వచ్చిన రోజున కూడా అది లోలోపల జరుగుతూనే ఉండొచ్చు.

అదే కన్సోల్లో, జనం ఏ మాటలు కొట్టి వెతికారో ఆ జాబితా ఉంటుంది. నా మటుకు నాకు మొత్తం లెక్కల్లో అదే బంగారం. చదువుకున్నవాళ్లు రాసే తెలుగు వేరు, ఫోన్లో వేలితో కొట్టే తెలుగు వేరు. చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొడతారు. కొందరు మైకు నొక్కి, ఇంట్లో మాట్లాడినట్టే అడుగుతారు. 'ఉండ్రాళ్లు గట్టిపడకుండా ఎలా చేయాలి' అని అడిగినవాళ్లకు టీచరుగారి పేజీ కనిపించి, లోపల మాత్రం ఉండ్రాళ్ల పురాణమే ఉండి, గట్టిపడకుండా చేసే కిటుకు లేకపోతే, వాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. ఆ ప్రశ్నకు జవాబు రాస్తే ఒక మంచి పేజీ అవుతుంది. ఏం రాయాలో తోచక కూర్చునేవాళ్లు ఆ జాబితా తెరిస్తే చాలు.

ఒక్క హెచ్చరిక. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ కొన్ని ప్రశ్నలకు తానే కృత్రిమ మేధతో జవాబు రాసి పైన పెడుతోంది. జవాబు అక్కడే దొరికితే కిందికి వచ్చి నొక్కేవాళ్లు తగ్గుతారు. కనిపించడం పెరిగి నొక్కడం తగ్గుతుంటే, మీ రాత చెడిపోయిందని వెంటనే అనుకోకండి.

ఇక పెరుగుదల. పోయిన నెల కంటే ఈ నెల వంద శాతం ఎక్కువ అంటారు. అయిదుగురు వచ్చిన చోట పదిమంది వచ్చినా వంద శాతమే. మొదటి ఏడాది శాతాలను పక్కన పెట్టి అంకెనే చూసుకోవడం మర్యాద. అయితే తెలుగు సైట్లకు దీనికంటే పెద్ద చిక్కు ఒకటుంది. లెక్కలు ఇంగ్లిష్ నెలలతో నడుస్తాయి, మన పాఠకులు పంచాంగంతో నడుస్తారు.

వినాయక చవితినే తీసుకోండి. 2024లో అది సెప్టెంబరు 7న వచ్చింది. వ్రతకథ పేజీని జనం తెరిచేది ఎక్కువగా పండగ ముందురోజు, పండగనాడు. అంటే ఆ ఏడాది రద్దీ అంతా సెప్టెంబరులో పడింది. 2025లో చవితి ఆగస్టు 27కే వచ్చేసింది. రద్దీ ఆగస్టులోకి జరిగింది. ఇప్పుడు టీచరుగారు 2025 సెప్టెంబరు చివర లెక్క తెరిచి, నిరుటి సెప్టెంబరుతో పోల్చి చూస్తే ఏమవుతుంది? గుండె ఆగినంత పనవుతుంది. బాణం గుర్తు ఎర్రగా కిందికి చూపిస్తుంటుంది. గూగుల్ నా సైటును తొక్కేసింది అంటారు. ఎవరో ఒకరు సలహా చెబుతారు, డబ్బు తీసుకుని బాగుచేస్తామనేవాళ్లు తయారవుతారు. అసలు జరిగింది ఏమీ లేదు. పండగ నెల మారింది, అంతే. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి చవితి సెప్టెంబరు 14కి వెళుతుంది. అప్పుడు ఆగస్టు పడిపోయినట్టు, సెప్టెంబరు ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. ఈసారి ఆవిడ తన కొత్త పేజీలే దానికి కారణమనుకుని పొంగిపోయే ప్రమాదం ఉంది. ఎర్ర బాణమూ అబద్ధమే, పచ్చ బాణమూ అబద్ధమే.

మందు సులువే. నెలను నెలతో పోల్చకుండా, పండగనాటితో ముగిసే పది రోజులను నిరుడు అదే పండగనాటితో ముగిసిన పది రోజులతో పోల్చాలి. శ్రావణ శుక్రవారాలు, వరలక్ష్మీ వ్రతం, అట్లతద్ది, దీపావళి, ఉగాది, అన్నిటికీ ఇదే పద్ధతి. సంక్రాంతికి మాత్రం ఈ తలనొప్పి లేదు. అది సూర్యుణ్ని పట్టుకుని నడిచే పండగ కాబట్టి జనవరి 14, 15 దాటి పోదు. ముగ్గుల పేజీ లెక్క ఏ ఏడాదికి ఆ ఏడాది నిక్కచ్చిగా తేలుతుంది. పండగకు వారం ముందు పేజీ పెట్టి పాఠకులు రాలేదనడం కూడా అన్యాయం. కొత్త సైటులో పెట్టిన పేజీ గూగుల్లో ముందుకు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ముగ్గులు దసరాకే పెట్టేయాలి.

మన తెలుగువాళ్ల విషయంలో లెక్కకు అందని దారి ఒకటుంది, వాట్సాప్. పేజీ లింకును అక్కడ పంపితే, దాన్ని నొక్కి వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చాలాసార్లు అనలిటిక్స్‌కు తెలియదు. 'నేరుగా వచ్చినవాళ్లు' అన్న గదిలో పడేస్తుంది. ఆ గదిలో ఉన్నట్టుండి రెండొందల మంది కనిపిస్తే, ఏదో అపార్ట్‌మెంట్ గ్రూపులోనో పూర్వ విద్యార్థుల గ్రూపులోనో మీ లింకు తిరుగుతోందని ఊహించుకోవచ్చు. లింకు లేకుండా కథ మొత్తం కాపీ కొట్టి పంపేవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ పాఠకులు ఏ లెక్కలోనూ లేరు. మీరు రాసింది మీకే ఫార్వర్డ్ అయి తిరిగొస్తుంది, కింద మీ పేరు ఉండదు. వెతక్కుండానే ఫోన్లో పేజీలు చూపించే గూగుల్ డిస్కవర్ ద్వారా ఒక్క రోజులో వేలమంది వచ్చి మూడో రోజుకు మాయమవడం కూడా మామూలే. ఆ ఒక్క రోజును చూసి ఉద్యోగం మానేసేవాళ్లుంటే దయచేసి ఆగండి.

డబ్బు దగ్గరికి వద్దాం. మీరు దీనికోసమే వింటున్నారని నాకు తెలుసు.

చిన్న సైట్లలో ఎక్కువమందికి తెలిసిన దారి, పేజీలో ప్రకటనలు చూపించి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్. 2003లో మొదలైంది. తెలుగుకు మాత్రం 2018లో గానీ తలుపు తీయలేదు. మనకంటే ముందు హిందీకి 2014లో, తర్వాత బెంగాలీకి, తమిళానికి తీశారు. ప్రకటన ఇచ్చినవాళ్లు పెట్టే డబ్బులో చాలాకాలం పాటు సైటువాళ్లకు నూటికి 68 వంతులు వచ్చేవి. 2023 నవంబరులో ఆ లెక్క కట్టే తీరును మారుస్తున్నట్టు ప్రకటించారు. అవతలివైపు ప్రకటనలు కొనిపెట్టే వేదిక తన రుసుము మినహాయించుకున్నాక, మిగిలినదాంట్లో 80 వంతులు సైటుకు అన్నారు. దాంతోపాటు, క్లిక్ చేస్తే డబ్బు అనే పద్ధతి పోయి, ప్రకటన కనిపిస్తే డబ్బు అనే పద్ధతి వచ్చింది.

వెయ్యి పేజీ వ్యూలకు ఎంత వచ్చిందన్నది ఇక్కడ కొలత. దాన్ని ఆర్‌పీఎం అంటారు. టీచరుగారి సైటు కొంత పెరిగి, నెలకు ఇరవై వేల వ్యూలు వస్తున్నాయని, వెయ్యికి అరవై సెంట్లు పడుతోందని అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలే సుమా. ఇరవైని అరవై సెంట్లతో గుణిస్తే నెలకు పన్నెండు డాలర్లు. గూగుల్ వంద డాలర్లు నిండితే గానీ డబ్బు పంపదు. ఎనిమిది నెలలకు తొంభై ఆరు. తొమ్మిదో నెలలో వంద దాటుతుంది. ఆ నెల ముగిశాక, మరుసటి నెల 21కీ 26కీ మధ్య పంపుతారు. అంతకుముందే, ఖాతాలో పది డాలర్లు చేరగానే, ఇచ్చిన చిరునామా నిజమైనదో కాదో తేల్చుకోవడానికి పిన్ నంబరు ఒకటి మామూలు పోస్టులో పంపుతారు. ఇంత ఇంటర్నెట్ వ్యవహారంలోనూ చివరికి మన పోస్ట్‌మ్యాన్ ఇల్లు కనుక్కుంటే గానీ పని జరగదు.

నెల మధ్యలో కనిపించే ఆదాయం అంచనా మాత్రమే. చెల్లని క్లిక్‌లు, చెల్లని రాకలు తీసేసి నెల దాటాక అసలు మొత్తం ఖాయం చేస్తారు. ఖాతా పుస్తకంలో రాసుకోవాల్సింది ఖాయమైన అంకెనే. బావమరిదికి ఫోన్ చేసి, రోజూ నా పేజీలో ప్రకటన మీద ఒకసారి నొక్కు అని చెప్పే తెలివైనవాళ్లు ఉంటారు. అలాంటివాటిని పట్టుకుంటే డబ్బు పోవడమే కాదు, ఖాతానే మూసేస్తారు. అభిమానంతో చేసినా మూసేస్తారు.

ఆర్‌పీఎం మన చేతిలో లేనిది. తెలుగు పేజీల కోసం పోటీపడే ప్రకటనదారులు ఇంగ్లిష్ పేజీలకు ఉన్నంతమంది లేరు. బీమా, అప్పులు, పెట్టుబడుల గురించి రాసినచోట ప్రకటనల ధర ఎక్కువ, కథలూ కూరలూ ఉన్నచోట తక్కువ. అదే వ్రతకథను గుంటూరులో ఒకరు, డాలస్‌లో ఒకరు తెరిస్తే, డాలస్ రాకకు మామూలుగా ఎక్కువ పడుతుంది. దసరా, దీపావళి రోజుల్లో కంపెనీలు ప్రకటనలకు ఎక్కువ ఖర్చు పెడతాయి కాబట్టి అప్పుడు పెరుగుతుంది, ఆ తర్వాత జారుతుంది. కాబట్టి ఆదాయం తగ్గిన నెలలో, వ్యూలు తగ్గాయా, వెయ్యికి పడే ధర తగ్గిందా అన్నది ముందు విడదీసి చూడాలి. వ్యూలు తగ్గితే మన పని. ధర తగ్గితే బజారు పని.

ఇంకో మాట. మొదటి నెలలోనే ఇంత సంపాదించాను అంటూ తెర ఫొటోలు పెట్టేవాళ్లు కనిపిస్తారు. చివరిదాకా చూడండి, చాలాసార్లు అక్కడ ఒక కోర్సు అమ్మకానికి ఉంటుంది. వాళ్ల సంపాదన ఆ ఫొటో చూపించి అమ్మే కోర్సులో ఉందా, ఫొటోలో ఉన్న ప్రకటనల్లో ఉందా అని అడిగి చూడాలి. ఆ ఫొటోల్లో ఖర్చు కూడా కనిపించదు. డొమైన్‌కు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు, హోస్టింగ్‌కు ఇంకొంత, మంచి ఫొటోలు తీయడానికి, టైపు చేయడానికి పెట్టిన గంటలు. మన ఊహాలెక్కలో తొలి చెల్లింపు వచ్చేసరికి టీచరుగారి చేతి డబ్బు తిరిగొస్తుందేమో గానీ, ఆవిడ గంటలకు కూలి గిట్టదు. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. తెలిసి చేస్తే బాధ ఉండదు.

నిజానికి రాతను రాతే పోషించాలన్న నియమం మన పత్రికల చరిత్రలోనూ లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రికను తెచ్చారు. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం తెలుగు పత్రికలకు ఆసరా అయింది. ఇవాళ చిన్న సైట్లలో నాలుగు రాళ్లు చూస్తున్నవాళ్లలో కూడా ఈ తోవలో నడిచేవాళ్లున్నారు. పేజీలో వంటల గురించి రాస్తారు, పక్కనే తమ చేతి పొడులూ పచ్చళ్లూ అమ్ముతారు. సంగీతం గురించి రాస్తారు, ఆన్‌లైన్లో పాఠం చెబుతారు. అక్కడ వెయ్యి వ్యూలకు ఎన్ని సెంట్లన్న ప్రశ్నే ఉండదు. వెయ్యి మంది వస్తే ఎందరు ఆర్డరు పెట్టారు, వాళ్లలో ఎందరు రెండోసారి పెట్టారు, ఇదీ ప్రశ్న. పత్రికల అమ్మకాలు తేల్చడానికి 1948లో మన దేశంలో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ పెట్టుకున్నప్పుడు కూడా ఇదే పట్టింపు. అచ్చేసినవి ఎన్ని అని కాదు, డబ్బిచ్చి కొన్న కాపీలు ఎన్ని అని.

లెక్క చూసుకోవడానికి రోజూ ఫోను తీయక్కర్లేదు. వారానికి ఒకరోజు చాలు. మామూలు నోటు పుస్తకంలో ఆ వారం గూగుల్ వెతుకులాటలో ఎన్నిసార్లు కనిపించారు, ఎందరు నొక్కారు, ఎన్ని కొత్త పేజీలు పెట్టారు అని రాసుకోండి. నెలకోసారి ఖాయమైన ఆదాయం, అయిన ఖర్చు. పక్కన ఒక గడి ఖాళీగా వదలండి. ఆ వారం ఏ పండగ ఉంది, ఏ లింకు వాట్సాప్‌లో తిరిగింది, సైటు ఎన్ని గంటలు ఆగిపోయింది, ఇలాంటివి అందులో రాయాలి. ఏడాది తర్వాత అంకెలకు అర్థం చెప్పేది ఆ గడే. ప్రకటనల డబ్బు ఎంత చిన్నదైనా ఆదాయమే కాబట్టి, ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు అదీ చూపించాలి.

ఎన్నాళ్లు చూడాలి, ఎప్పుడు మానుకోవాలి అని అడిగేవాళ్లకు నా లెక్క ఇది. ఒకే పండగ రెండుసార్లు దాటాలి. మొదటి చవితికి సైటు కొత్తది, ఆ ఒక్కదాన్ని చూసి ఏమీ తేల్చుకోవద్దు. రెండో చవితితో ముగిసే పది రోజుల్లో వెతికి వచ్చినవాళ్లు మొదటిసారి కంటే స్పష్టంగా పెరిగితే కొనసాగించండి. పెరగకపోతే విషయం మార్చండి. లేదా ఆదాయం మాట వదిలేసి సరదాకి రాసుకోండి. మొదటి మూడు నెలల అంకెలు చూసి సైటు మూసేయడం మాత్రం తొందరపాటు.

చివరిగా ఒక మనవి. సెర్చ్ కన్సోల్ పదహారు నెలల లెక్కనే దాచి ఉంచుతుంది. అంతకంటే పాతది ఒక్కో రోజుగా చెరిగిపోతూ ఉంటుంది. సైటు ఉన్నవాళ్లు ఈ వారంలోనే దాన్ని తెరిచి, నిరుటి పండగల అంకెలను కాగితం మీదికి ఎక్కించుకోండి.